నీలం పొగ మీద నా వాదన

మోరంపూడి కూడలిలో సిగ్నల్ కోసం ఆగి ఉన్నాను. స్కూటర్ మీద పక్కకు వచ్చిన ఒక పెద్దమనిషి నా కారు అద్దం మీద వేలితో టకటకా కొట్టాడు. అద్దం దించాను.

“అమ్మగారూ, ఇది మునిసిపాలిటీ వాళ్ళ బండా అండి?”

“కాదండి. ఏం?”

“అబ్బే, ఏం లేదండి. సందు సందుకీ దోమల మందు కొట్టుకుంటూ వస్తున్నారు కదా, మా వీధికి కూడా ఓసారి వస్తారేమోనని.”

మాటకు మాట అందించడంలో నాకు ఆలస్యం ఉండదు. మా అత్తవారింట్లో ఈ సంగతి అందరూ ఒప్పుకుంటారు, మెచ్చుకోలుగా కాకపోయినా. కానీ ఆ రోజు గబగబా అద్దం ఎత్తేసుకున్నాను. పచ్చలైటు పడ్డాక బండి కదిలించి అద్దంలో వెనక్కి చూస్తే స్కూటరూ లేదు, పెద్దమనిషీ లేడు. రోడ్డుకు అడ్డంగా దుప్పటి ఆరేసినట్టు నీలం పొగ.

ఆ కారు మా ఇంట్లో నేనొక్కదాన్నే నడుపుతాను. మావారు నేర్చుకున్నారు, లైసెన్సు కూడా ఉంది. కానీ స్టీరింగ్ ముందు కూర్చోగానే ఎదురొచ్చే ప్రతి లారీ తనను వెతుక్కుంటూ వస్తోందని ఆయన నమ్మకం. నేను నలభై దాటాక నేర్చుకున్నాను. నేర్పినాయన మొదటి రోజే, “మీరు బండితో కూడా వాదిస్తున్నారండి, అలాగైతే గేరు పడదండి” అన్నాడు. పడింది. ఇప్పుడు కొవ్వూరు వంతెన మీద ఎదురుగా బస్సు వస్తే పక్క సీట్లో మావారు కళ్ళు మూసుకుంటారు. ఆయన వంతు కూడా నేనే తెరుచుకుని నడుపుతాను.

మాది రాజమండ్రిలో నూనెల కొట్టు. పప్పునూనె, వేరుశెనగ నూనె, కొబ్బరినూనె. మామగారి తర్వాత అన్నదమ్ములిద్దరూ కలిసి చూసుకుంటున్నారు. మా బావగారు పెద్దవారు, మావారు చిన్నవారు. కారు కొట్టు పేరు మీద కొన్నది కాబట్టి ఇద్దరిదీ. ఇద్దరిదీ అంటే మా ఇంట్లో అర్థం, బావగారు చెప్పినట్టు.

ఆ సాయంత్రం కారు ఇంటి ముందుకు వచ్చేసరికి బావగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వానాకాలంలో మా వీధి కాలవైపోతుంది కాబట్టి ఇంటి గచ్చు వీధికి బాగా ఎత్తు. కారు ఏటవాలు ర్యాంపు ఎక్కి, దాని మీదే నిలబడాలి. ఎక్కించడానికి యాక్సిలరేటర్ నొక్కాను. పొగ లేచి ఎదురింటి వరండాలోకి వెళ్ళింది.

“ఏంటమ్మాయ్ అది? వీధి వీధంతా ధూపం వేస్తున్నావా?” అన్నారు బావగారు.

మర్నాడు ముగ్గురం హైవే పక్కన మా మెకానిక్ షెడ్డుకు వెళ్ళాం. పనిమంతుడే. బానెట్ ఎత్తి, ఇంజనులోకి గాలి తోసే టర్బో నుంచి వచ్చే లావుపాటి రబ్బరు గొట్టం ఊడదీసి, లోపల వేలు పెట్టి తీసి మా బావగారికి చూపించాడు. వేలు నిండా నూనె.

“చూసారా అండి? గాలి వెళ్ళాల్సిన గొట్టంలో నూనె ఉందండి. టర్బో సీలు పోయిందండి. టర్బో మార్చాలి. పిస్టన్ రింగులు కూడా అరిగాయేమో మరి, ఇంజను విప్పితే గాని తెలీదండి.”

“ఎందుకు పోయిందంటావ్?” అన్నారు బావగారు.

మెకానిక్ నా వైపు చూసి, వెంటనే నేల చూపులు చూశాడు. “సవాలక్ష ఉంటాయండి. టర్బో బండిని దూరం నుంచి రాగానే టక్కున ఆపెయ్యకూడదండి. కాసేపు అలా తిరగనిచ్చి, వేడి దిగాక ఆపాలండి. లేడీసు కదండి, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి...”

“బాబూ,” అన్నాను, “ఇంజను ఆపే ముందు నేను ఎంతసేపు ఆగుతానో మావారిని అడుగు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా ఆగుతాను.”

“ఆగుతుందండి,” అన్నారు మావారు నీరసంగా. “నాకే విసుగొస్తుంది.”

బావగారు అదేమీ వినలేదు. “సరే, సోమవారం విప్పెయ్” అని మెకానిక్‌కు చెప్పి, నా వైపు తిరిగారు. “ఇంకో మాట అమ్మాయ్. బండి బాగయ్యాక ఓ డ్రైవర్ని పెట్టేద్దాం. నాకు తెలిసిన కుర్రాడున్నాడు. నువ్వు హాయిగా వెనక కూర్చో.”

బావగారు చెడ్డవారు కాదు. నిజంగానే నాకు హాయి కలిగిస్తున్నాననుకున్నారు. నాకు మండింది అందుకే. వెనక సీటు నేను ఎరగనిది కాదు. పెళ్ళయ్యాక పాతికేళ్ళు అందులోనే ఉన్నాను. ఎక్కడికి వెళ్ళాలన్నా ఒకరిని అడగాలి, ఆ ఒకరు ఖాళీగా ఉండాలి, ఖాళీగా ఉన్నా వాళ్ళకు మనసుండాలి. గోదావరి లంకల్లో పూలతోటలు ఎలా ఉంటాయో, గట్టు మీద పొద్దున్నపూట గాలి ఏ వాసనేస్తుందో స్టీరింగ్ చేతికొచ్చాకే నాకు తెలిసింది. దాన్ని ఒక కుర్రాడి చేతిలో పెట్టి, వాడి మెడ వెనక భాగం చూస్తూ కూర్చోవాలా? అదీ నేను చెయ్యని తప్పుకి?

“బావగారూ, సోమవారం దాకా వ్యవధి ఉంది కదా. ఈలోగా తప్పు నా డ్రైవింగ్‌దని తేలితే తాళం నేనే తెచ్చి మీ చేతిలో పెడతాను. కాదని తేలితే డ్రైవర్ మాట ఎత్తకూడదు.”

“నువ్వు చదివింది లా నా, కెమిస్ట్రీనా?”

“కెమిస్ట్రీయేనండి. అందుకే పొగంటే నాకు భయం లేదు.”

పొగకు నోరు లేదు గానీ రంగుంది. నల్లటి పొగంటే డీజిలు ఎక్కువై గాలి చాల్లేదని. తెల్లటి పొగ వదలకుండా వస్తుంటే నీళ్ళు లోపలికి కారుతున్నాయని, లేదా డీజిలు సరిగ్గా అంటుకోవడం లేదని. నీలం పొగంటే నూనె కాలుతోందని. ఇది పుస్తకం చూసి చెప్పాల్సిన పని లేదు. బూరెల మూకుడు పొయ్యి మీద మరిచిపోయిన ఏ ఇల్లాలికైనా ఆ నీలం తెలుసు. నూనెల కొట్టువాళ్ళ ఇంటి కోడలికి ఇంకా బాగా తెలుసు.

కాబట్టి మెకానిక్ చెప్పినంతవరకు నిజమే, నూనె కాలుతోంది. నాకు కావలసింది ఆ నూనె ఎక్కణ్ణుంచి వస్తోందని. దానికి పొగ ఎప్పుడెప్పుడు వస్తోందో చూడాలి. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, మావారిని వెనక నిలబెట్టాను.

“వచ్చిందా?”

“రాలేదు. ఇంకెంతసేపు నిలబడను? పాలవాడు చూసి నవ్వుతున్నాడు.”

“నవ్వనివ్వండి. ఆయన పాలల్లో నీళ్ళెంతో నేను అడగలేదు కదా.”

రాత్రంతా నిలిచి ఉన్న బండి స్టార్ట్ అవగానే నీలం పొగ దగ్గితే వాల్వుల సీళ్ళు పోయినట్టు. అది లేదు. చదును రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తుంటే పొగ లేదు. రింగులు అరిగిపోతే పొగ అలా ఉండి ఉండి రాదు, తోకలా వెంటే ఉంటుంది. ఇంజను తిరుగుతుండగా నూనె పోసే మూత తీసి చూశాను. అన్నం ఉడికే గిన్నె మూత తీసినట్టు భగ్గుమని ఆవిరి రాలేదు. కూలెంట్ తగ్గలేదు. మరి పొగ ఎప్పుడొస్తోంది? సిగ్నల్ దగ్గర కాసేపు ఆగి కదిలినప్పుడు. వంతెన ఎక్కేటప్పుడు. ఇంజను గట్టిగా గాలి పీల్చినప్పుడు.

ఈ సాక్ష్యమంతా పట్టుకుని గురువారం ఒక్కదాన్నే షెడ్డుకు వెళ్ళాను. మెకానిక్ విన్నాడు. విని, నవ్వాడు.

“అమ్మగారూ, మీరు చెప్పినవన్నీ టర్బో లక్షణాలేనండి. నా పని మీరే చేసిపెట్టారండి.”

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నా గాలి పోయింది. కానీ ఓడిపోవడం నాకు చేతకాదు. అది చదువులో భాగం కాదు, పుట్టుక.

“నూనె టర్బో దారిన వస్తోంది, ఒప్పుకున్నాను. దొంగ మీ సందులోంచి పారిపోయినంత మాత్రాన మీ ఇంటివాడే అయిపోతాడా? టర్బో చక్రం ఊగుతోందా, చూడు.”

అతను మళ్ళీ గొట్టం ఊడదీసి, లోపలి చిన్న చక్రాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. పైకీ కిందకీ నొక్కాడు. చేత్తో తిప్పి, చెవి దగ్గరపెట్టి విన్నాడు. మొహంలో నవ్వు కాస్త తగ్గింది.

“ప్లే లేదండి, ఊగట్లేదు. కొత్తదానిలా తిరుగుతోంది. అయినా సీలు పోయుండొచ్చు కదండి?”

“పోయుండొచ్చు. పోతే నూనె తగ్గాలి కదా. యానాం వెళ్ళి మందు తెచ్చుకున్నవాడి ఇంట్లో సీసా తరక్కుండా ఉంటుందా? ఎంత తరిగిందో చూశావా?”

“అది... చూళ్ళేదండి. గొట్టంలో నూనె కనపడ్డాక ఇంకేం చూస్తామండి?”

షెడ్డులో నేల చదునుగా ఉంటుంది. ఇంజను ఆపి, నూనె కిందికి దిగేదాకా ఆగాం. అతను నూనె మట్టం చూసే కడ్డీ తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దింపి తీశాడు. కడ్డీ మీద రెండు గీతలుంటాయి. కింది గీతకూ పై గీతకూ మధ్య నూనె ఉండాలి. మా బండిలో నూనె పై గీత దాటి, ఇంకా పైకి పాకి, కడ్డీ వంపు తిరిగే చోటు దాకా ఉంది.

మెకానిక్ కడ్డీని ఎండలోకి పెట్టి చూశాడు. “ఏంటండీ ఇది! పోసినవాడెవడండి?”

“నన్ను అడుగుతావేంటి? సర్వీసు చేసింది నువ్వేగా.”

“ఒట్టండి అమ్మగారూ, మేం గీతకి సరిగ్గా పోశామండి.”

నమ్మాను. ఎందుకంటే అతని మొహంలో భయం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది. నూనె తానంతట తాను పెరగదు. పెరిగితే డీజిలైనా కలవాలి, నీళ్ళైనా కలవాలి. వేలికి రాసుకుని చూశాను, పలచబడలేదు. వాసన చూశాను, డీజిలు కంపు లేదు. నీళ్ళు కలిస్తే పాలు కలిపిన కాఫీలా నురగవ్వాలి, అదీ లేదు. న్యూస్‌పేపర్ మీద ఒక చుక్క వేస్తే చుట్టూ డీజిలు తడి వ్యాపించలేదు. స్వచ్ఛమైన ఇంజన్ ఆయిలు. ఎవరో చేత్తో పోసిందే.

నూనె అంత నిండుగా ఉంటే లోపల తిరిగే షాఫ్ట్ దాన్ని కవ్వంతో చిలికినట్టు చిలుకుతుంది. ఆ నురగ, ఆవిరి ఇంజను ఊపిరి గొట్టంలోంచి టర్బో మూతి దగ్గరికి చేరతాయి. టర్బో పాపం ఏమిస్తే అది పీల్చి ముందుకు తోస్తుంది. గొట్టంలో నూనె చూసి టర్బోని పట్టుకున్నారు. నూనె తక్కువైతే అందరూ కంగారుపడతారు. ఎక్కువైందేమోనని అనుమానపడేవాడు ఎవడూ లేడు.

“ఇప్పుడే తీసేస్తానండి,” అన్నాడు మెకానిక్. “ఇది ఆటలు కాదండి. డీజిలు బండికి ఆ నూనే మేతైపోతుందండి. మరీ ఎక్కువ పీల్చిందంటే తాళం తీసేసినా ఇంజను ఆగదండి, పగిలేదాకా అరుస్తూనే ఉంటుంది.”

“తీద్దువుగాని. మా బావగారు కళ్ళారా చూడాలి. శనివారం తీసుకొస్తాను. ఈలోగా ఎక్కువ నొక్కకుండా మెల్లగా ఇంటికి తీసుకెళ్తాను.”

“ఆయ్, అలాగేనండి. కానీ పోసిందెవరో...”

“అది నేను చూసుకుంటాను.”

చూసుకోవడానికి ఎంతో సేపు పట్టలేదు. మర్నాడు శుక్రవారం. శుక్రవారం పొద్దున్నే కొట్టు తెరిచి తూకాలకు, కొలతలకు, నూనె పీపాలకు పసుపూ కుంకుమా పెట్టడం మావారి పని. కారు కొన్నప్పటి నుంచి అది కూడా ఆ వరసలో చేరింది. నేను మేడ మీద కాఫీ తాగుతూ కిందికి చూస్తున్నాను. ర్యాంపు మీద మూతి పైకెత్తుకుని నిలబడి ఉన్న కారుకు ఆయన కుంకుమ పెట్టారు, అగరొత్తులు తిప్పారు. ఆ తర్వాత బానెట్ ఎత్తారు. పక్కన ఇంజన్ ఆయిలు డబ్బా పెట్టుకుని, పంచె మడతలోంచి ఇత్తడి గిద్ద తీశారు. మా కొట్లో నూనె కొలిచే పాత గిద్ద.

కాఫీ అక్కడే పెట్టి కిందికి దిగాను.

“ఏవండీ.”

“వచ్చావా? ఆ గుడ్డముక్క ఇలా ఇయ్యి. నూనె తక్కువుంది.”

“తక్కువుందని ఎవరు చెప్పారు?”

“కడ్డీ చెప్పింది. చూడు, కింద గీతకి కూడా అందట్లేదు. ఈ బండి తెగ తాగేస్తోందే.”

“ఎప్పట్నుంచి పోస్తున్నారు?”

“ఉగాది నుంచి అనుకో. గొడౌన్లో పెట్టుకున్నన్నాళ్ళూ చుక్క తగ్గేది కాదు. సరుకు ఎక్కువైందని బండిని ఇక్కడికి తెచ్చాకే పట్టుకుంది దీనికి ఈ రోగం.”

నేను ర్యాంపు వంక చూశాను. కారు వంక చూశాను. బండి మూతి పైకి ఉంటే లోపలి నూనె వెనక్కి జారుతుంది. కడ్డీ ఉన్నది ముందు వైపు. గిన్నె వంచి పట్టుకుని ఎత్తున్న అంచు దగ్గర పులుసు లేదన్నట్టు!

“వారానికి ఎంత పోస్తున్నారు?”

“గిద్దెడు.” కాస్త ఆగి, “దాని మీద చిన్న కొసరు” అన్నారు.

“ఇంజనుకి కూడానా అండి కొసరు!”

“చెయ్యి ఊరుకోదే.”

ఊరుకోదు, నాకు తెలుసు. మా కొట్లో కొలత అయ్యాక కొసరు పొయ్యకుండా గిన్నె తిరిగి ఇవ్వరు. కొలత బేరానిది, కొసరు మర్యాదది. చిన్నపిల్ల సీసా పట్టుకొచ్చినా ఆ ధార ఆగి మళ్ళీ ఒక్కసారి వంగుతుంది. ఆ వంపు కోసమే ఊళ్ళో ఎన్ని కొట్లు వచ్చినా మా గుమ్మం ఖాళీగా ఉండదు. తరాల తరబడి వంగిన చెయ్యి బానెట్ కింద మాత్రం నిటారుగా ఎలా ఉంటుంది?

ఆయన్ని ఎక్కించుకుని కారును గొడౌన్ ముందు చదును నేల మీదికి తీసుకెళ్ళి, ఆపి, కాసేపు ఆగి, కడ్డీ ఆయన చేతే తీయించాను. చూశారు. తుడిచి మళ్ళీ చూశారు. మొహం పాలిపోయింది.

“అయితే ఆ పొగ... నా వల్లా?”

“మరి ఎవరి వల్లండి? పాలు గుర్తొచ్చిన లేడీసు వల్లా?”

“బండి నడిపేది నువ్వు,” అన్నారు, కడ్డీని గుడ్డలో చుట్టి పట్టుకుని. “పక్కన కళ్ళు మూసుకుని కూర్చోవడం తప్ప నేను చేసేదేముంది? ఎక్కడో దారి మధ్యలో నువ్వు ఆగిపోకూడదని, నా వంతుగా...”

“మీ వంతు కాస్త తగ్గించుకోండి” అన్నాను. అలా అన్నాను గానీ, గొంతు నేననుకున్నంత కరుగ్గా రాలేదు.

“అన్నయ్యకి చెప్పకే. ఇప్పటికే నన్ను చిన్నపిల్లాడిలా చూస్తాడు.”

ఇదీ నాకు వచ్చి పడిన చిక్కు. వాదన గెలవాలంటే పోసినవారి పేరు చెప్పాలి. చెబితే స్టీరింగ్ నాకు మిగులుతుంది, ఈయన మాత్రం అన్నగారి ముందు తలొంచుకోవాలి. చెప్పకపోతే పోసింది నేనే అనుకుంటారు, ఎందుకంటే బండి మంచిచెడ్డలు చూసేది నేను. ఆ రోజంతా మా ఇంట్లో నా నోరు వినపడలేదు. జ్వరం వచ్చిందేమోనని మా తోడికోడలు నుదురు పట్టుకుని చూసింది.

శనివారం షెడ్డులో కారు కింద పళ్ళెం పెట్టి మెకానిక్ నట్టు వదులు చేశాడు. ఎక్కువైన నూనె దిగుతూనే ఉంది. బావగారు వంగి చూస్తున్నారు. నూనె ధార చూసి పరిమాణం చెప్పగల మనిషి ఆయన. ఆయనకు లెక్క నేను చెప్పనక్కర్లేదు. మెకానిక్ బిగించి, కడ్డీ పై గీత దగ్గర నూనె చూపించి, “టర్బో బానే ఉందండి. పొరపాటు నాదేనండి, ముందే కడ్డీ చూడాల్సింది” అన్నాడు. పెద్ద మనసుతో చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

బావగారు నడుం నిటారుగా చేసి నా వైపు తిరిగారు. “ఇంత నూనె ఎవరు పోశారమ్మాయ్?”

నేను మాట్లాడలేదు. మెకానిక్ గాభరాగా చూశాడు. బావగారైతే నేను మాట్లాడకపోవడం మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

“నేనే పోశాను అన్నయ్యా,” అన్నారు మావారు. ఒక అడుగు ముందుకేశారు కూడా. “ర్యాంపు మీద కడ్డీ చూసి తక్కువనుకున్నాను. వారం వారం గిద్దెడు, దాని మీద కొసరు. దాని డ్రైవింగ్‌లో ఏ లోపం లేదు. టర్బో చల్లారేదాకా ఎండలో నన్ను కూర్చోబెట్టి ఆగే మనిషి అది. డ్రైవర్ అక్కర్లేదు.”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మావారు అన్నగారి ముందు ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. నా గెలుపు కంటే ఆ మాటలకే నా మనసు పొంగింది. వంతెన మీద కళ్ళు మూసుకునే మనిషి అక్కడ రెప్ప వెయ్యలేదు.

బావగారు తమ్ముణ్ణి తిట్టబోయారు. నోరు తెరిచారు కూడా. “ఇంజనుకి ఎవడైనా కొసరు పోస్తాడ్రా?”

“కొసరు లేకుండా గిన్నె తిప్పితే చెయ్యి విరిచేస్తానన్నది నువ్వేగా అన్నయ్యా, నన్ను మొదట గల్లా దగ్గర నిలబెట్టినప్పుడు.”

బావగారు పళ్ళెంలో నూనె వంక చూస్తూ గొణుక్కున్నారు. ఆ తర్వాత తేరుకుని, “అయితే పొగ ఆగిపోయినట్టేనా? చూసి చెప్తాను. రేపు నన్ను ఎక్కించుకుని వెళ్ళు” అన్నారు.

“రండి. కానీ ఒకటి ముందే చెప్తున్నాను. గొట్టాలు తుడిచినా, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పొట్టలో పాత నూనె కొంత మిగిలుంటుంది. అది కాలేదాకా మొదట్లో పొగ వస్తుంది. వచ్చిందని అరవకూడదు.”

ఆదివారం పొద్దున్న బయల్దేరాం. నేను, పక్కన మావారు, వెనక బావగారు. ఆయన సీట్లో అడ్డం తిరిగి వెనక అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నారు. వంతెన ఎక్కీ ఎక్కగానే అరిచారు.

“ఇదిగో! పొగ! నీలం!”

“చెప్పాను కదండీ.”

“చెప్పినంత మాత్రాన పొగ మంచిదైపోతుందా?”

“అవదండి. తగ్గుతుంది.”

కొవ్వూరు దాటి గట్టు రోడ్డు పట్టుకున్నాం. ప్రతి ఊరి దగ్గరా బావగారు ఒక ప్రకటన చేశారు. “ఇంకా వస్తోంది.” “వస్తోంది గానీ పల్చగా.” “ఇప్పుడేం కనపడట్లేదు, ఎండ పడుతోంది, అందుకేమో.” పోలవరం వైపు ఒక ఎత్తు మీద నేను కావాలనే గట్టిగా నొక్కాను. బండి ఎగిరింది. వెనక నుంచి ప్రకటన రాలేదు.

పట్టిసీమలో పడవలెక్కడానికి జనం వరసలో నిలబడ్డారు. చదునుగా ఉన్న చోట బండి ఆపాను, ఇంజను ఆపలేదు. మోరంపూడిలో పట్టించింది ఆ పరీక్షే కాబట్టి ఇక్కడా అదే పెట్టాలి. చాలాసేపు అలా తిరగనిచ్చాను. “బావగారూ, మీ తెల్ల రుమాలు సైలెన్సర్ వెనక పట్టుకోండి” అన్నాను. ఆయన పంచె ఎగ్గట్టి వంగి పట్టుకున్నారు. రేజ్ చేశాను. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

దిగి వెళ్ళి చూశాను. రుమాలు మీద వేలెడంత బూడిద రంగు మసి. డీజిలు బండికి ఆ మాత్రం ఉంటుంది. బావగారు ఆ మరకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రాశారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మా కొట్లో నూనె కల్తీ అవునో కాదో తేల్చేది ఆ రెండు వేళ్ళూ, ఆ ముక్కూ. వాటి మాట మీద ఊళ్ళో ఇంకో మాట లేదు.

“జిడ్డు లేదు,” అన్నారు.

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, ఫోన్ తీసి, ముందు మెకానిక్‌తో సోమవారం ఇంజను విప్పొద్దని చెప్పారు. తర్వాత ఇంకో నంబరు కలిపి, మా వైపు వీపు తిప్పి, గొంతు తగ్గించారు. “బాబూ, ఆ డ్రైవరు పని... వద్దులే. ఏం లేదు... మా మరదలు నడుపుతుంది.”

“అవతల వినపడినట్టు లేదు బావగారూ,” అన్నాను. “గాలి ఎక్కువుంది ఇక్కడ. కాస్త గట్టిగా చెప్పండి.”

మావారు నవ్వు ఆపుకోలేక గోదావరి వైపు తిరిగారు. బావగారు నన్ను ఒక చూపు చూశారు. తర్వాత ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, పడవల వరసలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూసేలా, “మా మరదలు నడుపుతుందయ్యా!” అని అరిచారు.